పని వెతుక్కుంటూ మూడు రోజులు

గంజాం జిల్లాలోనే పుట్టాను, గంజాం జిల్లాలోనే ముసలిదాన్నయ్యాను. కానీ గంజాం జిల్లాను చూసింది మాత్రం మొన్న ఫిబ్రవరిలో, మూడు రోజులు. అంతకుముందు చూసిందల్లా పుట్టిన ఊరు, మెట్టిన బరంపురం, ఆ రెంటి మధ్యా బస్సు కిటికీ, స్నానానికెళ్తే గోపాల్‌పూర్ నీళ్ళు. చూడనివాళ్ళ కోసం రాస్తున్నాను. చూసినవాళ్ళు తప్పులు పట్టకండి. పట్టినా నేను దిద్దను.

నా పేరు పైడమ్మ. ఉండేది బరంపురం హల్దియాపదర్‌లో. నలభై ఏళ్ళు అప్పడాలు ఒత్తాను. అక్షరాలు నేర్చింది యాభై ఎనిమిదో ఏట. ఒకనాడు అప్పడాల కట్టలన్నిటి మీదా పేరు చీటీలు తలకిందులుగా అంటించేశాను. అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, ఏది పైనో ఏది కిందో తెలియకుండా చచ్చిపోకూడదు అనిపించింది. పక్కింటి పంతులమ్మ దగ్గర కూర్చుని తెలుగు నేర్చుకున్నాను. తరవాత ఒడియా అక్షరాలు పట్టాను. క్రిందటి వానాకాలం ఇంగ్లీషు అక్షరాలు కూడా పట్టాను. భాష రాదు. అక్షరాలే వచ్చు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

బరంపురంలోనే గోసాని నువాగాంలో మూతబడిన ఒక స్టూడియో పై గదిలో ఫోటోల సంఘం ఉంది. ఆదివారాలు కూడతారు. నెలకొక మాట ఇస్తారు, ‘నీడ’ అనో ‘తలుపు’ అనో. ఆ మాట మీద ఎవరికి తోచిన ఫోటో వాళ్ళు తెస్తే, గదికి అడ్డంగా తాడు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీస్తారు. ఒక్కొక్కరి చేతికి మూడు చింతపిక్కలు ఇస్తారు. నచ్చిన ఫోటో కింద ఉన్న గిన్నెలో పిక్క వెయ్యాలి. డాబా మీద ఎండుతున్న అప్పడాలను నేను ఫోన్‌తో తీస్తే రెండు పిక్కలు పడ్డాయి. ఒకటి నేను వేసుకున్నదే.

అయితే నేను ఆ సంఘంలో మనిషిని కాను. అతిథిని. అతిథికి ఏడాది గడువు. ఏడాదికోసారి పెద్ద ప్రదర్శన పెడతారు. కటకం నుంచి ఒక పెద్దాయన వచ్చి, వేలాడదీసిన వాటిలో ఏవి గోడెక్కాలో ఎంచుతాడు. ఫోటో గోడెక్కితే ఆ అతిథి సభ్యుడవుతాడు. లేదంటే నమస్కారం, వెళ్ళిరండి. నా ఏడాది ఈ ప్రదర్శనతో సరి. అరవై ఏడేళ్ళలో నన్ను ఏ పుస్తకంలోనూ పేరు రాసి చేర్చుకున్నవాళ్ళు లేరు, బడితో సహా. నాకు కావాలనిపించింది. చెప్పడానికి సిగ్గేముంది?

ప్రదర్శన కోసం ఒక మాట ఇచ్చి, ఆ మాట మీద ఫోటోలు తీసుకోవడానికి మూడు రోజుల బస్సు ప్రయాణం పెట్టారు. మాట ఫోన్‌లో వచ్చింది. సంఘంలో ఒడియావాళ్ళూ తెలుగువాళ్ళూ కలిసి ఉంటారు కాబట్టి కార్యదర్శి పాత్రో బాబు అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతాడు. పీ, ఏ, ఎన్, ఐ. వేలు పెట్టి కూడబలుక్కున్నాను. పని! ఎవరినీ అడగలేదు. నేనే చదివాను. పైగా ఎలాంటి మాట! లోకంలో నాకు గట్టిగా తెలిసింది ఏదైనా ఉంటే అది పనే కదా.

గోపాల్‌పూర్

బస్సెక్కగానే శేషగిరి షావుకారు తగిలాడు. బట్టల కొట్టు ఆయనది. తెలుగాయనే, నాకంటే పదేళ్ళు చిన్న. నన్ను అప్పా అంటాడు, మా వైపు అప్ప అంటే అక్క. ఆయన కెమెరా ముందుండే గొట్టం నా అప్పడాల కర్రంత పొడుగు. ఫోన్లు పట్టుకొచ్చేవాళ్ళను సంఘంలో చేర్చుకోకూడదని మొదటినుంచీ ఆయన వాదన.

"ఏటప్పడాలప్పా, సార్జింగు నిండా ఎక్కించినావా? మజ్జిలో సచ్చిపోతే మేం మొయ్యాల."

"ఫోనా, నానా?"

"ఏది ముందైతే అది."

"నీ గొట్టం సంగతి సూసుకో. అంత దూరం నుండి సూస్తే ఎవులి మొకమైనా బాగుంతాది. దగ్గరికెల్లి సూడు, తెలుస్తాది."

బస్సంతా నవ్వింది. నా పక్క సీటు మినతిది. ఒడియా అమ్మాయి, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. నన్ను మావుసీ అంటుంది, అంటే పిన్ని. పాత్రో బాబు తలలు లెక్కపెట్టుకుంటూ మా దగ్గర ఆగాడు. రిటైరైన పోస్టుమాస్టరు, మెత్తటి మనిషి. ఆయన తెలుగు ఒడియాలో నానిన తెలుగు.

"పాణి బాగా పట్టండి అమ్మా. మూడు రోజులూ అదే ముఖ్యం."

పాణి అంటే ఒడియాలో నీళ్ళు, అది బరంపురంలో పిల్లికి కూడా తెలుసు. నేను సీసా పైకెత్తి చూపించాను. "నిండా పట్టుకున్నాను బావూ." ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఇద్దరం వేరు వేరు సంగతులకు నవ్వామని మూడో రోజు దాకా తెలియలేదు.

సముద్రం నాకు కొత్త కాదు. స్నానాలకు నాలుగుసార్లు, అస్థికలు కలపడానికి ఒకసారి వెళ్ళాను. వెళ్ళినప్పుడల్లా నీళ్ళకేసి చూశాను. ఈసారి నీళ్ళకు వీపు పెట్టి నిలబడ్డాను. సంఘం వాళ్ళు పొట్టల మీద పడుకుని అలలను తీస్తున్నారు. నీళ్ళు పని చేస్తాయా? వీళ్ళకు మతిపోయింది అనుకున్నాను.

ఒడ్డున ఒక ముసలి జాలరి వల బాగుచేసుకుంటున్నాడు. గోపాల్‌పూర్ జాలర్లు చాలామంది మన తెలుగువాళ్ళే. వల ఒక అంచును కాలి బొటనవేలికి తగిలించి బిగబట్టాడు. ఎడమచేత్తో వలలో తెగిన కన్ను వెతుకుతాడు, కుడిచేత్తో దారం దూరుస్తాడు. బొటనవేలు దానంతట అదే సాగుతుంది, ముడుచుకుంటుంది. మూడో చెయ్యి! నేను ఇసకలో చతికిలబడి ఆ వేలిని ఎంతసేపు చూశానో. నా అరచేతిలో అప్పడాల కర్రకు కాయ కాసినట్టే, ఆ వేలి సందున వల తాడు కాలవ తవ్వింది.

"ఓలప్పా, మొకం ఉండగా కాలు తీస్తన్నావేటి?" అన్నాడు.

"మొకం కంటే కాలు బాగున్నాది."

"మా ముసల్దీ అదే అంతాది," అని దారం పళ్ళతో తెంపి నవ్వాడు. ముందు పళ్ళు రెండే. మినతి జాలిగా ఆ పళ్ళకేసి చూసింది, వృత్తి అలాంటిది.

నేను లేచేలోపు ఒక అల వచ్చి, పక్కన విప్పిన నా చెప్పుల్లో ఎడమదాన్ని తీసుకుపోయింది. కుడిదాన్ని నేనే విసిరేశాను. ఒక్కదాంతో సముద్రం మాత్రం ఏం చేసుకుంటుంది?

హుమ్మా ఉప్పుమళ్ళు

దారిలో ఛత్రపూర్‌లో బరా, ఘుగుని తిన్నాం. మన మినప్పప్పు గారె లాంటిదే బరా. దాన్ని బఠాణీ కూరలో ముంచి ఇస్తారు. ముప్ఫై రూపాయలకు కడుపు నిండింది. మన ఇంట్లో గారెను ఇలా కూరలో ముంచితే మా అత్తగారు గరిటతో కొట్టేది. తిని చూస్తే, కొట్టకుండా ఉండాల్సింది అనిపించింది.

హుమ్మా చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. బస్సు దిగి గట్టెక్కాను. అలాగే నిలబడిపోయాను.

చెట్టు లేదు, గడ్డి లేదు. కన్ను ఆనినంత దూరం మళ్ళు, చదరం చదరంగా గట్లు కట్టిన మళ్ళు. వాటిలో వరి లేదు, నీళ్ళున్నాయి. అరచేయి లోతు కూడా ఉండవు. మధ్య మధ్య తెల్లటి కుప్పలు. ఆ తెలుపును నేను చెప్పలేను. మా డాబా మీద వెయ్యి అప్పడాలు ఒక్కసారి ఎండుతుంటే చూసినదాన్ని, తెలుపు నాకు తెలుసుననుకునేదాన్ని. తెలియదు.

చెప్పుల్లేని కాళ్ళతో గట్టు మీద నడుస్తుంటే మడిలో ఉన్న ఒకామె కేకేసింది. పేరు కుంతల. నా కూతురి వయసు ఉండొచ్చు. ఒడియాలో మాట్లాడింది, నేను తెలుగులో రాస్తున్నాను.

"కాళ్ళు పగిలిపోతాయి పిన్నీ! ఉప్పు కోస్తుంది!"

"కోయనీ. నలభై ఏళ్ళు ఎండలో డాబా మీద నడిచిన కాళ్ళివి," అని అరికాలు ఎత్తి చూపించాను. ఆమె వచ్చి, వంగి, గోరుతో గీరి చూసింది. తరవాత తన అరికాలు ఎత్తి చూపించింది. ఇద్దరం పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. ఆమెదే గెలిచింది.

డాబా మీద ఏం చేస్తావు అని అడిగింది. అప్పడాలు ఎండబెడతానన్నాను.

"అయితే మనది ఒకటే పని. మీరు పిండి ఎండబెడతారు, మేం నీళ్ళు ఎండబెడతాం."

"మబ్బు పడితే?"

"ఊరుకో పిన్నీ, పేరెత్తకు!" అని చటుక్కున ఆకాశంకేసి చూసింది. నేనూ చూశాను. ఇద్దరం ఒకేసారి చూశాం. ఒక్క జల్లు పడితే కుప్ప పోసిందంతా మళ్ళీ నీరై కూర్చుంటుందట. మా అప్పడం తడిస్తే కనీసం పిండి మిగులుతుంది. వీళ్ళకు ఏమీ మిగలదు. అయినా రోజూ వచ్చి, పొడుగు కర్రకు అడ్డంగా చెక్క బిగించుకుని, నీళ్ళ అడుగున పేరీ పేరని ఉప్పును ఒడ్డుకు లాగుతారు. అదీ మెల్లగా లాగాలి. జోరుగా లాగితే అడుగు మట్టి కలిసిపోతుంది.

కుంతల లాగుతుంటే భుజాలు చూశాను. ముందుకు చాచినప్పుడు రెక్కలు విప్పినట్టు, వెనక్కి లాగినప్పుడు తలుపు మూసినట్టు. ఆ భుజాల కోసమే ఒక ఫోటో తీశాను. మిగిలినవాళ్ళు మడి నీళ్ళలో ఎండ తళుకు తీసుకుంటున్నారు. వాళ్ళ ఖర్మ అనుకున్నాను.

ఋషికుల్య మొగ

రెండో రోజు తెల్లారగానే నది సముద్రంలో కలిసే చోటికి తీసుకెళ్ళారు. తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. రాత్రి వచ్చినవి చాలావరకు సముద్రంలోకి వెళ్ళిపోయాయి, వెనకబడ్డవి ఇంకా ఇసకలోనే ఉన్నాయి అన్నారు. అటవీశాఖ వాళ్ళు కట్టిన తాడు బయట నిలబడాలి, మాట్లాడకూడదు, మెరుపు లైటు వెయ్యకూడదు.

వెనకబడ్డవే అన్ని ఉన్నాయి! లెక్కపెట్టబోయి మానేశాను. ఇసకంతా పీటలు బోర్లించినట్టు వీపులు. తాడుకు దగ్గరగా ఉన్నదొకటి వెనక కాళ్ళతో గొయ్యి తీస్తోంది. కాళ్ళని అంటున్నాను గానీ అవి తెడ్లు. నీళ్ళలో ఈదడానికి ఇచ్చినవాటితో నేల తవ్వుతోంది. ఒక తెడ్డు వంచి, గరిటలా ఇసక తోడి, పక్కన పోసి, రెండో తెడ్డు. వెనక్కి తిరిగి చూడదు. చూడకుండానే గొయ్యి గుండ్రంగా వచ్చింది. గుడ్లు పెట్టింది. కప్పింది. కప్పాక, నేను ఒట్టేసి చెబుతున్నాను, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ ఇసకను అదమడం మొదలుపెట్టింది. డబ్ డబ్ మని చప్పుడు. అప్పడాల పిండిని రోకలితో దంచేటప్పుడు వచ్చే చప్పుడే అది. దీనికి ఎవరు నేర్పారు? దీని తల్లి దీన్ని చూడనైనా చూడలేదు కదా.

తాడు దగ్గర కాపలా ఉన్న జాలరి గుసగుసగా అన్నాడు, వీటికోసం ఈ కాలంలో వేట మానుకుంటామని. కోపం లేదా అని అడిగాను. "పురిటికొచ్చిన ఆడపిల్లల మీద కోపమేటమ్మా?" అన్నాడు.

పక్కకు చూస్తే శేషగిరి షావుకారు. గొట్టం కిందికి దించేసి ఉంది. ఒక్క ఫోటో కూడా తీస్తున్నట్టు లేదు.

"అప్పా," అన్నాడు మెల్లగా. "ఎవులూ సూడకపోయినా అలగే కప్పుతాది కదూ?"

"ఎవులూ సూడకూడదనే కప్పుతాది," అన్నాను. ఆయన తలూపాడు. మూడు రోజుల్లో మేమిద్దరం దెప్పుకోకుండా మాట్లాడుకున్న మాట అదొక్కటే.

నా ఫోన్‌లో తాబేలు గొంగళి ముద్దలా వచ్చింది. అంత దూరం నుంచి ఫోన్‌కు చేతకాదు. షావుకారు గొట్టం గురించి నేనన్న మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. కొంచెమే.

పొలసర

సాయంత్రానికి పొలసర చేరాం. చిన్న ఊరు. బజారులో ఎరువుల కొట్లు, విత్తనాల కొట్లు, వాటి మధ్య మిఠాయి కొట్టు. బసలో భోజనానికి పఖాళ పెట్టారు. మన చల్దన్నమే. అయితే మనం ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కొరుక్కుని ఊరుకుంటాం. వీళ్ళు దాని చుట్టూ పెళ్ళి విందు పేరుస్తారు: వేయించిన వంకాయ, ఆకుకూర, అప్పడం, నలగ్గొట్టిన బడి. బడి అంటే మినప వడియం. నోట్లో వేసుకుంటే గాలిలా కరిగిపోయింది.

అక్కడితో ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. వంటింట్లోకి వెళ్ళి, "పిండి ఎంతసేపు గిలక్కొట్టారు?" అని అడిగాను. వంటామె గర్వంగా చెప్పింది. "అప్పడం కూడా మీదేనా? అయితే బడి ఒత్తిన చెయ్యి అప్పడం ఒత్తలేదు. అంచు మందంగా ఉంది," అన్నాను. ఉన్నమాటే అన్నాను. ఆమె నా విస్తట్లోంచి అప్పడం తీసేసుకుంది. మళ్ళీ పెట్టలేదు. మినతి తన దాంట్లో సగం తుంచి ఇచ్చింది.

భేట్నొయి

మూడో రోజు పొద్దున్న భేట్నొయి వెళ్ళాం. అక్కడి పొలాల్లో కృష్ణజింకలు తిరుగుతాయి. అడవిలో కాదు, పొలాల్లో. నేను నమ్మలేదు. బస్సు ఇంకా ఆగలేదు, రోడ్డు పక్క పెసర చేలో నల్లటి మగజింక, మెలితిరిగిన కొమ్ములు, తల ఎత్తి మమ్మల్ని చూసింది. ఎవరు మీరు, ఏం పని మీద వచ్చారు అన్నట్టు. తరవాత గెంతింది. పరిగెత్తలేదు, గెంతింది. నేల కాలిపోతున్నట్టు నాలుగు కాళ్ళూ ఒక్కసారే లేచాయి, మనిషి ఎత్తుకు పైగా. దాని వెనక గోధుమరంగు ఆడజింకలు, ఒకదాని తరవాత ఒకటి, అదే చోట అదే ఎత్తుకు. అరవై ఏడేళ్ళు ఎందుకు బతికానో అప్పుడు తెలిసినట్టయింది. ఏడుపొచ్చింది. ముక్కు చీది ఫోన్ తీశాను.

చేలో ఒక రైతు వంగి కలుపు తీస్తున్నాడు. ఆయన వెనక పది అడుగుల దూరంలో జింకలు ఆయన పెసరే మేస్తున్నాయి. ఈయన తీస్తున్నాడు, అవి తింటున్నాయి. తల తిప్పి చూడను కూడా చూడడు.

మా వైపు ఆవు చేలో పడితే ఊళ్ళో పంచాయితీ. "తోలవేం?" అని ఒడియాలో అడిగాను.

"ఎందుకు తోలాలి? ఇవి చేలో దిగిన ఏడు వాన తప్పదు. మా తాత తోలలేదు, నేనూ తోలను."

"మరి నీ పంట?"

"విత్తేటప్పుడే వీటికీ కలిపి విత్తుతాను," అని మళ్ళీ వంగాడు.

వంగిన ఆ వీపు, వెనక వంగిన జింక మెడ. రెండూ ఒకే వంపు. నొక్కాను. నా జన్మలో తీసిన ఫోటోలన్నిటిలోకీ అదే గొప్పది. ఇప్పటికీ ఆ మాటే అంటాను.

అస్కా

మధ్యాహ్నం అస్కాలో భోజనాలు. తిరుగు ప్రయాణం మిగిలింది అంతే. ఎవరు ఏది ఇస్తారో చూపించమన్నాడు పాత్రో బాబు. నేను రైతు ఫోటో తీసి గొప్పగా బల్ల మీద పెట్టాను. అందరూ వంగి చూశారు. షావుకారు కూడా లేచి వచ్చి చూశాడు.

"చాలా బాగుంది అమ్మా," అన్నాడు పాత్రో బాబు. "పాణి ఏది?" ఒడియా నోరు కదా, పనిని సాగదీశాడనుకున్నాను.

"ఎదురుగానే ఉన్నాది కదా బావూ. పొద్దున్నుండీ ఒంచిన నడుం ఎత్తనేదు ఆ మనిసి."

"అది కాదు అమ్మా. పాణి, పాణి," అంటూ ఖాళీ గ్లాసు ఎత్తి చూపించాడు.

"దాహమేస్తందా?" అని సీసా తీసి ఆయన గ్లాసులో నీళ్ళు పోశాను.

ముందు షావుకారుకు అర్థమైంది. తెలుగాయన కదా.

"ఓలమ్మో! పని అనుకున్నావేటప్పా? పని కాదే, పాణి! నీల్లు!"

హోటలంతా మా బల్లకేసి తిరిగింది. నవ్వు ఆపుకోలేక మినతి కొంగు నోట్లో కుక్కుకుంది. పీ, ఏ, ఎన్, ఐ. ఒడియావాళ్ళకు పాణి, మనకు పని. అందుకే మూడు రోజులూ వీళ్ళు సముద్రం, మడి, మొగ అంటూ తిరిగారు! నాకు చదువు రాకపోతే ఈ తప్పు చేసేదాన్నే కాదు. ఎవరినైనా అడిగి, చెవితో విని, నీళ్ళని తెలుసుకునేదాన్ని. చదివి చెడ్డాను.

నేనూ నవ్వాను గానీ, కంచం పక్కకు నెట్టేశాను. గోడ, సభ్యత్వం, ఏడాది, అన్నీ ఆ గ్లాసులో మునిగిపోయాయి.

"పోనీ, ఇందులో పనిలో నీళ్ళ సంగతి ఉంది కదా, పంటకు నీళ్ళు..." అని పాత్రో బాబు ఏదో సర్దబోయాడు.

"రూలు రూలే బావూ," అన్నాడు షావుకారు. "ఇచ్చిన మాట ఒకటి, తీసింది ఒకటి. పోయినేడు నాది శీర్సిక సరిపడనేదని గోడ మీంచి దించీనేదేటి? పొటో బాగున్నాది. నాను కాదననేదు. గానీ నీల్లు నేవు."

ఆయన అన్నది నిజమే. శీర్షిక కూడా ఇచ్చిన మాటకు తగ్గట్టుండాలి, దాన్ని తీసినవాళ్ళు తమ చేత్తో రాయాలి. అది సంఘం కట్టుబాటు.

ఊరి పక్కనే ఋషికుల్య పారుతోంది, దిగి ఒక ఫోటో తీసుకోమన్నారు. నేను బస్సు దిగలేదు. మొండితనమే అనుకోండి. మూడు రోజులు చూడనిదాన్ని పది నిమిషాల్లో చూసినట్టు నటించలేను. మినతి నా ఫోన్ లాక్కుని ఒక్కొక్క ఫోటో వెనక్కి తిప్పుతోంది. రైతు వీపు, వంటామె చేతులు, తాబేలు ముద్ద. ఒకచోట ఆగింది.

"మావుసీ, ఇది చూశావా?"

కుంతల ఫోటో. చూశాను, భుజాలు. "కిందికి చూడు," అంది. చూశాను. మడిలో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఆకాశం మొత్తం అందులో పడుకుని ఉంది. కుంతల లాగుతున్న చెక్క ఆ ఆకాశాన్ని అడ్డంగా చీల్చుకుంటూ వస్తోంది. చీలిన చోట తెల్లగా ఉప్పు. నా చేత్తో తీసిన ఫోటోలో ఇంత నీరుంటే నా కంటికి ఆనలేదు!

బరంపురం

ఆ ఫోటోనే అచ్చు వేయించి ఇచ్చాను. ప్రదర్శన రోజు పొద్దున్న శీర్షిక రాయడానికి ఒక్కొక్కరికి తెల్ల అట్టముక్క, పెన్ను ఇచ్చారు. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు, ఏదైనా సరే. పాత్రో బాబు నా పక్కన కూర్చుని బతిమాలాడు.

"ఒక దీర్ఘం పెట్టండి అమ్మా. ఒక ణ రాయండి. అంతే కదా. పాణి అని రాస్తే మీరు సభ్యురాలు. పెద్దాయనకు పని అని తెలిస్తే మాట తప్పినట్టు, పక్కన పెట్టేస్తాడు."

ఒక దీర్ఘం. నిజమే, ఎంతసేపు? పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. గోడ కావాలి నాకు. లేదని ఎందుకు అబద్ధమాడతాను? కానీ నేను నీళ్ళను తీయలేదు. కుంతల నాకు అరికాలు ఎత్తి చూపించింది, నేను ఆమె పనిని తీశాను. నానా తంటాలు పడి నేర్చుకున్న అక్షరాలు. చూడనిదాన్ని చూశానని రాయడానికా?

పని. రెండే అక్షరాలు. కింద పైడమ్మ. అట్ట తీసుకెళ్ళి నేనే అంటించాను.

కటకం పెద్దాయన వచ్చాడు. ఒక్కొక్క ఫోటో చూసుకుంటూ, ఎంచినవాటికి కాగితం మీద గీతలు పెట్టుకుంటూ నడిచాడు. కొన్నిటి ముందు ఆగనే లేదు. నా దాని ముందు ఆగాడు. వెనక్కి జరిగి చూశాడు, దగ్గరికి వచ్చి చూశాడు. తరవాత కళ్ళజోడు సర్దుకుని అట్టకేసి వంగాడు. ఆయనకు తెలుగు రాదు.

"ఏం రాశారిక్కడ?" అని ఒడియాలో అడిగాడు.

పాత్రో బాబు నేలకేసి చూశాడు. పెద్దాయన పక్కనున్న శేషగిరి షావుకారు వైపు తిరిగాడు. "మీరు తెలుగువారు కదా, చదవండి."

రూలు రూలే అన్న మనిషి. గదిలో అందరూ ఆయన నోటికేసి చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. షావుకారు మెడ చాచి, నా వంకర అక్షరాలను ఒకదాని తరవాత ఒకటి చూసి, గట్టిగా చదివాడు.

"పని."

ఒడియా చెవికి మన పొట్టి ‘ప’ కూడా సాగినట్టే వినిపిస్తుంది.

"హఁ, పాణి," అని పెద్దాయన సంతోషంగా తలూపి, కాగితం మీద గీత పెట్టి, పక్క ఫోటోకు జరిగాడు.

"బావూ, అది..." అని నేను నోరు తెరిచాను.

షావుకారు అడ్డమొచ్చాడు. గొంతు తగ్గించి అన్నాడు: "సదవమన్నాడు, సదివినాను. తప్పు సదివినానేటప్పా?"

"నేదు."

"మరింకేటి? ఊరుకో."

ఊరుకున్నాను. నా బతుకులో నేను ఊరుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

సాయంత్రం జనం వచ్చారు. తెలుగువాళ్ళు అట్ట చదువుకుని కుంతల భుజాలను చూశారు. ఒడియావాళ్ళు ఇచ్చిన మాట పాణి అని వినే వచ్చారు కాబట్టి నీళ్ళను చూశారు. రెండు రకాలవాళ్ళూ అక్కడ కాస్త ఎక్కువసేపే నిలబడ్డారు. పాత్రో బాబు పుస్తకం తెచ్చి సభ్యుల పేర్ల కింద నా పేరు రాయించాడు.

ఆ పెద్దాయనను మోసం చేశావు కదా అని మీలో ఎవరైనా అడుగుతారేమో. నేనేం దాచలేదు. నిజం గోడ మీదే రాసి ఉంది, పెద్ద పెద్ద అక్షరాలతో. చదువుకోవాలి మరి.